క్వారీ రోడ్డులో ఎడమ మలుపు

బండ ఈ లోకంలో క్షమించనివాడు ఒక్కడే. పరాయి దేశపు ఏజెంట్లు అతన్ని రెండుసార్లు కాల్చారు, ఒకసారి కాళ్లూ చేతులూ కట్టి నీళ్లలో పడేశారు. వాళ్ల మీద అతనికి పగ లేదు. వాళ్ల డ్యూటీ వాళ్లు చేశారు. పగంతా సొంత చెల్లెలి మొగుడి మీద. ఊళ్లో అందరూ పిలిచినట్టే బండ కూడా అతన్ని అంబులెన్సు బావ అనేవాడు, మాటలున్న రోజుల్లో.

బావ చేసిన నేరం ఇది. ఇంటర్నెట్‌లో ఒక మ్యాప్ ఉంది. దానికి యజమాని లేడు. కంప్యూటర్ ముందు కూర్చోగల ఓపికున్న ఎవడైనా అందులో రోడ్లు గీయవచ్చు. వేలమంది వాలంటీర్లు ఊరికే గీస్తుంటారు. రెండేళ్ల కిందట బావ అందులోకి దూరి, బండ పొలం మధ్యనున్న బండిబాటని రోడ్డుగా గీసిపెట్టాడు. ఆ బాట క్వారీ రోడ్డు నుంచి కాలవ రోడ్డుకి అడ్డంగా పోతుంది. పేషెంటుతో చుట్టు తిరగక్కర్లేదని బావ లెక్క. వారం తిరక్కుండా ఇసుక లారీలూ పాల వ్యాన్లూ ఫోన్లు చూసుకుంటూ ఆ బాట పట్టాయి. రెండు వరసల మొక్కజొన్న నేలకి అంటుకుపోయింది.

బండ ఇనప గేటు పెట్టించి తాళం వేశాడు. "ఇక్కడ రోడ్డు లేదు" అని కంప్లయింటు రాయించి మ్యాప్‌లో ఆ గీత చెరిపించాడు. అక్కడితో ఆగకుండా చెల్లెలి గుమ్మంలో నిలబడి, ఇంకోసారి నా పొలంలో చక్రం పెడితే కాళ్లు విరగ్గొడతానని బావకి చెప్పి వచ్చాడు. మనిషి ప్రాణం కన్నా నీ గేటు గొప్పదా అని బావ అడిగాడు. అయితే మీ వంటింట్లోంచి వేసుకో రోడ్డు, అన్నాడు బండ. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. చెల్లెలు ఒక్కసారి ఫోన్ చేసి, "మీ ఇద్దరికీ మధ్య ఉన్నది పొలం కాదు అన్నయ్యా, గేటు" అని పెట్టేసింది.

బండ పగ కొలిచి దాచుకునే రకం. ఎనిమిదో తరగతిలో బడి మానేసి లారీ క్లీనరుగా చేరినవాడు, పదిహేనేళ్లు స్టీరింగ్ పట్టినవాడు, సరిహద్దుల్లో ఎవరికీ తెలియని సందులన్నీ తెలిసినవాడు కాబట్టే గూఢచారి డిపార్ట్‌మెంటు అతన్ని ఏరుకుంది. బండ అనే పేరు కూడా అదే పెట్టింది. అసలు పేరున్న కాగితం ఎక్కడో బీరువాలో పడి ఉంటుంది.

ఆ ఉదయం కబురొచ్చింది. పాత ఇనుము కొట్టుకి వెళ్లాడు. కాటా దగ్గర కూర్చున్న గుమాస్తా తలెత్తకుండా తూకం రాళ్లు తెచ్చావా అన్నాడు.

"తెచ్చాను. అరిగిపోయాయి."

గుమాస్తా కాలితో ఏదో నొక్కాడు. తుక్కు రేకుల వెనక తలుపు తెరుచుకుంది.

లోపల పెద్దాయన టేబుల్ మీద రెండు ఫొటోలు పరుచుకుని కూర్చున్నాడు. చీఫ్ అని పిలిస్తే ఆయనకి నచ్చదు. మొదటి ఫొటోలో రోడ్డు పక్కన విరిగిన సైకిలు, దాని పక్కన తెల్ల గుడ్డ కప్పిన శరీరం.

రిటైరైన పోస్ట్‌మన్, చెప్పాడు పెద్దాయన. ముప్పై ఏళ్లు ఉత్తరాలు పంచి, ఖాళీగా కూర్చోలేక సైకిలు మీద తిరుగుతూ ఆ మ్యాప్‌లో రోడ్లు సరిచేసేవాడు. మొన్న మ్యాప్‌లో ఒక నోట్ రాశాడు: "క్వారీ రోడ్డు మూసేసి ఉంది. లోపల రాళ్లకి కొత్త తీగలు లాగుతున్నారు. నేను చూశాను." అది రాసి ఇంటికి వెళుతుంటే నంబరు ప్లేటు లేని లారీ గుద్దింది. ఆ నోట్‌ని ఎవరో మూసేశారు. 'తొలకరి' అనే కొత్త పేరుతో ఒకరు అదే క్వారీ రోడ్డుని తెరిచి ఉన్న పెద్ద రోడ్డుగా మళ్లీ గీసేశారు.

రెండో ఫొటోలో బక్కచిక్కిన మనిషి, ముక్కులో గొట్టం. కెమిస్టు. పరాయి ముఠాకి విషవాయువు చేసిపెట్టి, మనసు మారి మనవైపు వచ్చినవాడు. ముఠా వాడికి ఒకసారి విషం పెట్టింది, సగమే చచ్చాడు. మిగిలిన సగాన్ని అంబులెన్సులో విమానాశ్రయానికి చేర్చాలి. అక్కడి నుంచి వెళ్లి వాడు నోరు విప్పితే ముఠా మొత్తం దొరుకుతుంది, ఏ ఊరి మీద ఆ వాయువు వదలబోతున్నారో తెలుస్తుంది.

"దీనికీ మ్యాప్‌కీ ఏంటండీ సంబంధం?"

పెద్దాయన ఫొటోలు పక్కకి జరిపి చెప్పాడు. గతంలో మూడు కాన్వాయ్‌లు దొంగ వైర్‌లెస్ మెసేజ్‌లు నమ్మి చచ్చాయి. అందుకని ఈసారి వైర్‌లెస్ లేదు, ఫోన్లు లేవు. బండిలో ఒక టాబ్లెట్, అంతే. అది శాటిలైట్ ద్వారా అయిదు నిమిషాలకోసారి ఆ ఉచిత మ్యాప్‌ని తాజాగా దించుకుని, ఎటు తిరగాలో, ఏ రోడ్డెక్కాలో పేరుతో సహా గొంతుతో చెబుతుంది. ఇంకే మాటా అందులోకి పోదు. డ్రైవరు సొంత తెలివి వాడకూడదు. టాబ్లెట్ చెప్పిన దారి తప్పితే పక్కనున్న ఇద్దరు సిపాయిలు కాల్చేస్తారు. డిపార్ట్‌మెంటు సొంత మ్యాప్‌లు ఎందుకు వాడరంటే, అవి పాతికేళ్ల నాటివి, సగం రోడ్లు ఇప్పుడు చెరువులు.

"ఎవరో ఆ మ్యాప్‌లోనే చెయ్యి పెట్టారు," అన్నాడు పెద్దాయన. "వాలంటీర్లకి క్లాసులు చెప్పే క్లబ్బు ఒకటుంది. ఆ తొలకరి అక్కడి వాడే అయ్యుండాలి. ఉద్యోగం పోయిన లారీ డ్రైవరులా వెళ్లి నేర్చుకో. అక్కడ టీచరు మన మనిషే. నెమలి."

నెమలి పేరు బండ విన్నాడు. ముఠాలో మన తరఫున ఆరేళ్లుగా ఉన్న డబుల్ ఏజెంటు. ఆమె నవ్వితే రెండు దేశాల రాయబారులు గ్లాసులు జారవిడుస్తారని క్యాంటీన్‌లో చెప్పుకునేవారు.

పెద్దాయన సొరుగులోంచి గుండ్రటి స్టీలు టేపు తీశాడు, తాపీ పనివాళ్లు కొలిచేది. మామూలు టేపు కాదు. బొత్తాం నొక్కితే నాలుక పాములా బయటికి కొడుతుంది, అంచు బ్లేడు కన్నా పదును. బండ దాన్ని బెల్టుకి తగిలించుకుని లేచాడు. తలుపు దాకా వెళ్లాక పెద్దాయన వెనక నుంచి, అంబులెన్సు తోలేది మీ బావ, అన్నాడు.

"వేరే డ్రైవరు దొరకలేదా?"

"దొరికారు. బండి పల్టీ కొట్టకుండా తోలేవాడు కావాలన్నారు డాక్టర్లు."

బండ బయటికి నడిచాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. బావ చస్తే తను ఏడవడు, అది ఖాయం. కాని చెల్లెలు ఏడుస్తుంది. ఆ ఏడుపు ఆ గేటు దగ్గర నిలబడి ఏడుస్తుంది.

క్లబ్బు టైర్ల షాపు పైన ఉంది. మెట్లెక్కుతుంటేనే రబ్బరు కంపు. హాల్లో ఆరు పాత కంప్యూటర్లు, అక్షరాలు అరిగిన కీబోర్డులు, గోడకి ఆకుపచ్చ కోటు తగిలించిన మేకు. ఆ కోటు నెమలిది. మనిషి పొడుగు, మాట నెమ్మది, చెవికి ఒక్కటే నీలం రాయి. కొత్తగా చేరినవాళ్లలో ఒక ఇళ్ల బ్రోకరు, ఒక లెక్కల టీచరమ్మ, ఇంటింటికీ పార్సిళ్లు తిప్పే బైకు మనిషి ఉన్నారు. ముగ్గురిలో ఒకడు హంతకుడు అనుకుంటూ బండ వాళ్ల వేళ్లనే చూస్తూ కూర్చున్నాడు.

నెమలి పాఠం బాగా చెప్పేది. గూఢచారిగా ఆమె ఎంత అబద్ధమైనా, టీచరుగా నిఖార్సు. ఉన్న రోడ్డే గీయండి, రాబోయే రోడ్డు గీయకండి, అనేది. మన ఇంటి ముందు సందు కదా అని హైవే అని రాయకండి. వేరే కంపెనీ మ్యాప్ చూసి కాపీ కొట్టకండి, అది దొంగతనం. ఫ్లైఓవరు కింద రోడ్డు పోతుంటే రెండిటినీ కలపకండి, మీరు కలిపితే ఎవడో పైనుంచి కిందికి దూకాల్సి వస్తుంది. రోడ్డు పేరు దగ్గర బోర్డు మీద ఏముందో అదే రాయండి, మీ కవిత్వం వద్దు.

బండ చెయ్యెత్తి, సొంత పొలంలో బాట ఉంటే, అది మ్యాప్‌లో ఉండటం యజమానికి ఇష్టం లేకపోతే ఏం చెయ్యాలి అని అడిగాడు.

"నేల మీద ఉన్నది మ్యాప్ మీద ఉంటుంది డ్రైవరుగారూ. ఇష్టం లేకపోతే గేటు కూడా గీసుకోమనండి. బాటే లేదంటే మాత్రం అది అబద్ధం."

బండకి ఆ రోజు పాఠం మళ్లీ బుర్రకెక్కలేదు.

అన్నిటికన్నా ఎక్కువసార్లు ఆమె చెప్పింది ఒకటే. రెండు రోడ్లు కలిసే చోట రెండిటికీ ఒకే చుక్క ఉండాలి. కంటికి ఆనుకున్నట్టు కనబడినా, ఆ చుక్క ఉమ్మడిగా లేకపోతే దారి చెప్పే మెషీను దృష్టిలో అవి వేరు వేరు రోడ్లు, మధ్యలో గోడ ఉన్నట్టే. "ఆనుకోవడం వేరు, అతుక్కోవడం వేరు," అనేది. "పక్కపక్కనే కాపురం ఉండి మాట్లాడుకోని చుట్టాల్లాగ." అందరూ నవ్వారు. బండ నవ్వలేదు.

కొత్తవాళ్ల పని చూస్తే జాలేసేది. శాటిలైట్ ఫొటో నేల మీది అసలు చోటుకి కొన్ని మీటర్లు పక్కకి జరిగి ఉంటుందట. దాన్ని సర్దుకుని గీయాలి. ఆ సంగతి తెలియక బ్రోకరు గీసిన మెయిన్ రోడ్డు అతని సొంత ఇంటి పైకప్పు మీదుగా పోయింది. ఇల్లు అమ్మేటప్పుడు రోడ్డు ఫేసింగ్ అని చెప్పుకోవచ్చని లెక్కల టీచరమ్మ ఏడిపించింది. ఫొటోని జరిపే పాఠం నెమలి మర్నాడు చెప్పింది. అప్పటికి గాని ఎవరి రోడ్లూ దారికి రాలేదు.

ఆ మర్నాడు క్లాసు లేదంది నెమలి. అయినా బండ పొద్దున్నే వచ్చాడు. టైర్ల షాపువాడి దగ్గర తాళం తీసుకుని పైకెక్కి, హాల్లో ఒక్కడే కూర్చుని తొలకరి చేసిన మార్పులు తెరిచాడు. పోస్ట్‌మన్ సైకిలు బెల్లులో దాచుకున్న జీపీఎస్ చిప్‌ని డిపార్ట్‌మెంటు పంపించింది. దాన్ని తగిలిస్తే ఆయన సైకిలు వెళ్లిన జాడ తెర మీద ఎర్రగా పాకింది. తొలకరి మళ్లీ గీసిన క్వారీ రోడ్డు సరిగ్గా ఆ ఎర్ర జాడ మీదే పడుకుని ఉంది. వెంట్రుక తేడా లేదు.

బండ కుర్చీలో ముందుకి వంగాడు. తొలకరి ఈ పని చేసింది ఫొటో జరిపే పాఠానికి ముందు, కొత్తవాళ్లెవరికీ దాన్ని సర్దడం తెలియనప్పుడు. కొత్తవాడు తప్పు చేస్తే పది రకాల తప్పులు చేస్తాడు. వాడి గీత వణుకుతుంది, రోడ్డు ఇళ్లెక్కుతుంది, మలుపులు ముక్కలవుతాయి. ఇక్కడ మలుపులన్నీ నున్నగా ఉన్నాయి. ఈ చేతికి వణుకు లేదు. ఇలాంటి చెయ్యి ఈ హాల్లో ఒక్కటే ఉంది.

హైవే మీద విమానాశ్రయం వైపు తిరిగే జంక్షన్‌ని పెద్దది చేసి చూశాడు. రోడ్లు ఆనుకునే ఉన్నాయి. ఇంకా పెద్దది చేశాడు. మధ్యలో సన్నటి తెల్లటి సందు. అతుక్కుని లేవు. దారి చెప్పే మెషీనుకి విమానాశ్రయం రోడ్డు తెగిపోయింది, ఇక మిగిలింది క్వారీ రోడ్డే. క్వారీ ఇరుకులో, పేలుడు తీగలు చుట్టిన రాళ్ల మధ్య. పేపర్లో నాలుగు లైన్లు వస్తాయి: క్వారీలో ప్రమాదం, అంబులెన్సు నలిగి నలుగురి మృతి.

కంచే చేను మేసింది. ఫోన్ తీసి పెద్దాయనకి చెప్పాడు. పెద్దాయన గబగబా చెప్పాడు. ప్రయాణం ఇవాళ్టికి మార్చమని నెమలే సలహా ఇచ్చిందట, పొద్దున్నే బండి బయల్దేరిందట. క్వారీకి హెలికాప్టరు పంపాలంటే అరగంట. బండి ఇప్పుడెక్కడుందంటే, శాటిలైట్‌లో చూసి, జంక్షన్ దాటి క్వారీ రోడ్డెక్కిందన్నాడు.

"టాబ్లెట్‌కి ఏదైనా చెప్పొచ్చా?"

"చెప్పలేం. ఎవరూ ఏమీ చెప్పకుండా ఉండటానికే కదా అది పెట్టాం," అన్నాడు పెద్దాయన. ఆయన గొంతు మొదటిసారి ముసలిగా వినబడింది. "అది మ్యాప్ తప్ప ఏమీ వినదు."

వెనక మెట్ల దగ్గర చెక్క కిర్రుమంది. ఆకుపచ్చ కోటు, చేతిలో చిన్న పిస్తోలు.

"ఫోన్ పెట్టెయ్యండి డ్రైవరుగారూ. సెలవన్నానుగా."

బండ ఫోన్ బల్ల మీద పెట్టాడు. పోస్ట్‌మన్‌ని నువ్వే చంపించావా అని అడిగాడు. ముసలాయన చాలా మంచి మ్యాపర్ అని, తను నేర్పినవాళ్లలో అంత శ్రద్ధ ఎవరికీ లేదని ఆమె చెప్పింది. ఆ మాటలో బాధ నిజంగానే ఉన్నట్టుంది. ఎందుకు చేశావంటే ఆమె భుజం ఎగరేసింది.

"రెండు వైపులా ఆరేళ్లు అబద్ధం చెప్పాను. ఎటు చెప్పేది అబద్ధమో నాకే గుర్తు లేకుండా పోయింది. ఎక్కువ భయపెట్టినవాళ్ల వైపు నిలబడ్డాను."

బండ చెయ్యి బెల్టు దగ్గరే ఉంది. టేపు బొత్తాం నొక్కాడు. ఉక్కు నాలుక హాలు అడ్డంగా కొట్టింది. ఆమె మణికట్టు తెగింది, పిస్తోలు పేలింది. గుండు బండ ఎడమ అరచేతిలోంచి పోయి కంప్యూటర్ ఒకదాన్ని చంపింది. అతను మీదపడి ఆమెని కింద పడేసి, ఆమె కోటు బెల్టుతోనే చేతులు కిటికీ ఊచకి కట్టాడు. తెగిన మణికట్టుకి తన జేబురుమాలు చుట్టాడు. ఆమె అరవలేదు. గోడకి చేరబడి గడియారం వైపు చూసింది.

బండ కుడిచేత్తో మౌసు పట్టుకున్నాడు. జంక్షన్ అతకడం దండగ. బండి దాన్ని దాటిపోయింది. క్వారీ రోడ్డు ఇరుకు, వెనక్కి తిరగడానికి చోటు లేదు. పేలుడు తీగల చోటుకి ముందు ఆ రోడ్డుకి ఎడమ పక్కన మలుపు ఒక్కటే ఉంది. అటు తిరిగితే కాలవ రోడ్డు మీదుగా విమానాశ్రయం ఇంకా దగ్గర, మెషీను దగ్గరి దారే చెబుతుంది. కాని ఆ మలుపు మ్యాప్‌లో లేదు. లేకుండా చేసింది తనే.

ఇనప గేటు, రెండు వరసల మొక్కజొన్న, కాళ్లు విరగ్గొడతానన్న తన గొంతు, అన్నీ ఒక్కసారి కళ్లముందుకొచ్చాయి. రెండేళ్లు కాపాడుకున్న పంతం. దాన్ని మింగడం అరచేతి గాయం కన్నా నొప్పిగా ఉంది.

ఫొటోని జరుపుకున్నాడు. క్వారీ రోడ్డు మీద మొదటి చుక్క పెట్టాడు. బావి పక్కనుంచి, పంపు షెడ్డు దాటి, కొట్టేసిన వేపమొద్దు దగ్గర ఒంపు తిరిగి, కాలవ రోడ్డు దాకా. ప్రతి గజం అతనికి కళ్లు మూసుకున్నా తెలుసు. తెర మీద నెత్తురు చుక్కలు పడితే మోచేత్తో తుడిచాడు. గేటు గీయలేదు. గీస్తే మెషీను ఆ దారి చెప్పదు. కాని నేల మీద గేటు ఉంటుంది, తాళంతో సహా. బావ ఆ గేటుని చూడగానే గుర్తుపడతాడు. గుర్తుపట్టి బ్రేకు వేస్తాడు. బావకి మాట ఒక్కటి చేరాలి, టాబ్లెట్ మాత్రం మ్యాప్ తప్ప ఏమీ వినదు.

పెద్దాయన చెప్పింది గుర్తొచ్చింది. టాబ్లెట్ రోడ్డు పేరు పైకి చదువుతుంది.

పేరు గడిలో, బోర్డు మీద లేనిది, ఏ బోర్డు మీదా ఎప్పుడూ ఉండనిది, ఒంటి చేత్తో టైపు చేశాడు. సేవ్ నొక్కాడు. తెర మీద గీత వెలిగింది. ఒకవైపు క్వారీ రోడ్డు, ఒకవైపు కాలవ రోడ్డు, మధ్యలో తన పొలం. కుర్చీలో వెనక్కి వాలి నెమలి వైపు చూశాడు.

నెమలి నవ్వుతోంది.

పెద్ద నవ్వు కాదు. క్లాసులో బ్రోకరు ఇల్లెక్కిన రోడ్డు చూపించినప్పుడు వచ్చే నవ్వు. విద్యార్థి తప్పు చేసి, చేసినట్టు తెలియక, బాగా చేశాననుకుని తలెత్తినప్పుడు టీచరు పెదవి చివర వచ్చేది. ఆమె దాన్ని వెంటనే చెరిపేసుకుంది, కాని ఆలస్యమైంది.

బండ తెర మీదికి దూకాడు. కాలవ రోడ్డు దగ్గర చివరి చుక్కని పెద్దది చేశాడు. ఆనుకుని ఉంది. ఇంకా పెద్దది చేశాడు. సన్నటి తెల్లటి సందు. ప్రతి కొత్తవాడూ చేసే తప్పు. ఆ దారి ఎక్కడికీ చేరదు. మెషీను దాన్ని లెక్కలోకే తీసుకోదు. ఎడమకి తిరగమని చెప్పదు.

"మేడమ్," అన్నాడు, చివరి చుక్కని లాగుతూ, "మీరు నిజంగా మంచి టీచరు."

చుక్క కాలవ రోడ్డు మీద పడి అతుక్కుంది. సేవ్. గోడ గడియారంలో ముల్లు అయిదో గీత దాటింది. ఎక్కడో ఆకాశంలో మ్యాప్ కిందికి దిగడం మొదలైంది.

తర్వాత జరిగింది చాలా రోజులకి సిపాయి ఒకడు క్యాంటీన్‌లో చెప్పాడు. క్వారీ రాళ్లు ఎదురుగా కనబడుతుండగా టాబ్లెట్‌లో ఆడగొంతు, నింపాదిగా, ఎప్పట్లాగే ఏ భావమూ లేకుండా అందట: "వంద మీటర్లలో, ఎడమకు తిరిగి, బావా నేనే గేటు గుద్దెయ్ రోడ్డులోకి ప్రవేశించండి." సిపాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డ్రైవరు మాత్రం టాబ్లెట్ కేసి చూసి, గేటు కేసి చూసి, రెండేళ్ల నుంచి ఎదురుచూస్తున్నవాడిలా, "ఇప్పటికి నోరు పెగిలింది వెధవకి," అని గేరు మార్చాడట. గేటు రెండు ముక్కలై మొక్కజొన్నలో పడింది. బండి కాలవ రోడ్డెక్కేసరికి వెనకాల క్వారీ పేలింది. ముఠావాళ్లు ఖాళీ రోడ్డు మీదికి కొండని కూల్చుకున్నారు.

కెమిస్టు నోరు విప్పాడు. తొమ్మిదిమంది పట్టుబడ్డారు. నెమలి జైల్లో ఎవరితోనూ మాట్లాడదట. పోస్ట్‌మన్ సైకిలుని అతని కూతురు తీసుకెళ్లింది, బెల్లు ఏమైందని అడిగితే సాక్ష్యంలో ఉందన్నారు. ఇప్పటికీ ఇవ్వలేదు. బండ ఎడమచేతి రెండు వేళ్లు ముడుచుకోవు. పెద్దాయన మెచ్చుకుంటూ ఉత్తరం రాసి, రహస్యం కాబట్టి దాన్ని తన బీరువాలోనే పెట్టుకున్నాడు.

బావ ఒక ఆదివారం విరిగిన గేటు ముక్కలు తన బండిలో వేసుకుని తెచ్చి గుమ్మంలో దింపాడు. వెల్డింగు చేయిస్తానన్నాడు. వద్దులే, అన్నాడు బండ. లోపలికి రమ్మని అనలేదు. వెంట వచ్చిన చెల్లెలే ఇద్దర్నీ తోసి లోపల కూర్చోబెట్టింది.

వారం గడిచాక మ్యాప్‌లో బండ ఖాతాకి ఎవరో వాలంటీరు నుంచి మర్యాదగా ఒక మెసేజ్ వచ్చింది. కొత్తవారికి స్వాగతం, మీ మొదటి రోడ్డు చక్కగా ఉంది, చివర్లు బాగా అతికాయి. కాకపోతే పేరు దగ్గర బోర్డు మీద ఉన్నదే రాయాలి గనక దాన్ని తీసేశాం. రోడ్డు తీసేయండని బండ జవాబు రాశాడు. నేల మీద రోజూ బళ్లు తిరుగుతున్నట్టు జాడలు కనబడుతున్నాయి, ఉన్నదాన్ని లేదనలేం, అన్నారు వాళ్లు. ఇసుక లారీలు వచ్చాయి. పాల వ్యాన్లు వచ్చాయి. ఆ తర్వాత టేపు పట్టుకుని రోడ్ల ఆఫీసువాళ్లు వచ్చి, జనం వాడుకలో ఉన్న దారి అని రాసుకుని, రెండు పక్కలా తెల్ల రాళ్లు పాతి, బోర్డు కూడా పెట్టారు.

దేశాన్ని కాపాడినందుకు బండకి పోయింది, పన్నెండడుగుల వెడల్పున, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా, సరిగ్గా ఇరవై ఏడు సెంట్లు.